యూకే స్పౌస్ వీసా: మీ పిల్లలైనా, మీ ఆయన మొదటి పెళ్లి పిల్లలైనా, పేపర్లలో ఎలా చూపించాలి

ఇద్దరిలో ఒకరికో ఇద్దరికీనో ముందు పెళ్లి పిల్లలుండి, మళ్లీ పెళ్లి చేసుకుని యూకే వెళ్లబోతున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. మాది గుంటూరు. మా ఆయన లెస్టర్‌లో ఉంటారు, బ్రిటిష్ సిటిజన్. ఆయనకి మొదటి పెళ్లిలో ఒక పాప, అప్పటికి 12 ఏళ్లు, వాళ్లమ్మ దగ్గరే ఉంటుంది, శని ఆదివారాలు మా ఆయన దగ్గరికి వస్తుంది. నాకు ఒక బాబు, అప్పటికి 8 ఏళ్లు. 2025లో నేనూ బాబూ కలిసి అప్లై చేశాం. అంటే రెండు వైపులా పిల్లలే, ఆ పేపర్లన్నీ నేనే కూర్చుని సర్దాను కాబట్టి ఎక్కడ చిక్కు పడుతుందో నాకు బాగా తెలుసు.

మొదట్లో ఒక కన్సల్టెన్సీకి వెళ్తే వాళ్లు "అక్కడి పాప సంగతి రాయకండమ్మా, రాస్తే లేనిపోని ప్రశ్నలొస్తాయి, జీతం కూడా ఎక్కువ చూపించాల్సొస్తుంది" అన్నారు. రెండూ తప్పే. ఇంటికొచ్చి ఆ రాత్రి మా ఆయన ఆరు నెలల బ్యాంక్ స్టేట్‌మెంట్ తెరిచి చూస్తే ప్రతి నెలా ఒకటో తారీకున ఒకే పేరుకి ఒకే మొత్తం వెళ్తోంది, పక్కన రిఫరెన్స్‌లో పాప పేరు ఉంది! జీతం ప్రూఫ్‌గా ఆ స్టేట్‌మెంట్ ఎలాగూ పెట్టాలి కదా. ఫారంలో పిల్లలు లేరని రాసి, స్టేట్‌మెంట్‌లో నెలనెలా పిల్ల పేరు కనపడితే ఆఫీసర్ ఏమనుకుంటాడు? దాచారనే అనుకుంటాడు. నిజం దాచారని తేలితే ఆ ఒక్క కారణంతోనే రిఫ్యూజ్ చేయొచ్చు, తర్వాత పెట్టే అప్లికేషన్లన్నిటి మీదా ఆ మచ్చ ఉంటుంది. కాబట్టి ఫారం తెరవకముందే మీరిద్దరూ గట్టిగా అనుకోవాల్సింది, ఉన్న ప్రతి బిడ్డనీ రాస్తామని. ఎవరి దగ్గర ఉన్నా, ఎంత పెద్దవాళ్లైనా, మాటలు లేకపోయినా సరే రాస్తామని.

స్టెప్ 1: ఒక తెల్లకాగితం తీసుకోండి

ఫారం జోలికి వెళ్లకుండా ముందు కాగితం మీద పిల్లలందరి పేర్లూ రాయండి. ఒక్కొక్కరికీ పూర్తి పేరు బర్త్ సర్టిఫికెట్‌లో ఉన్నట్టు, పుట్టిన తేదీ, పుట్టిన ఊరు, ఏ దేశం పాస్‌పోర్ట్, అమ్మ ఎవరు నాన్న ఎవరు, ఇప్పుడు ఎవరి దగ్గర ఉంటున్నారు, ఖర్చు ఎవరు పెడుతున్నారు, మీతో యూకే వస్తున్నారా లేదా. మీ ఆయన్ని కూడా విడిగా ఇదే కాగితం రాయమనండి, తర్వాత రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. మేం అలా చూసినప్పుడు పాప పేరులో మధ్య పేరు ఒకటి ఉందని నాకు తెలీనే తెలీదు, మా బాబు ఇంటిపేరు స్పెల్లింగ్ ఆయన వేరేలా రాశారు. ఇలాంటివి ఇంట్లో బయటపడితే దిద్దుకోవచ్చు, అక్కడ బయటపడితే కష్టం.

పిల్లలు మూడు రకాలుగా ఉంటారు. స్పాన్సర్, అంటే యూకేలో ఉండి మిమ్మల్ని పిలిపించుకునే మీ ఆయన, ఆయన పిల్లలు ఆల్రెడీ యూకేలో ఉన్నవాళ్లు, వాళ్లకి వీసా అక్కర్లేదు, వాళ్ల వివరాలు ఇస్తే చాలు. మీ పిల్లలు మీతో వచ్చేవాళ్లు, వీళ్లకి ఒక్కొక్కరికీ విడిగా అప్లికేషన్, విడిగా ఫీజు. మీ పిల్లలే కానీ ఇండియాలో ఉండిపోయేవాళ్లు, వీళ్లనీ రాయాలి, ఎవరి దగ్గర ఎందుకు ఉంటున్నారో రెండు ముక్కలు చెప్పాలి. ఇవాళ రాయకుండా రెండేళ్ల తర్వాత ఆ బిడ్డని పిలిపించుకుందామంటే "ఈ బిడ్డ అప్పుడు ఎక్కడుంది" అన్న ప్రశ్నకి మీ దగ్గర జవాబుండదు.

ఇంకొకటి, మీ ఇద్దరికీ కలిసి పుట్టిన బిడ్డ ఇండియాలో ఉంటే తొందరపడి వీసా ఫీజు కట్టకండి. బిడ్డ పుట్టేనాటికే తండ్రి, యూకేలోనే పుట్టో, నేచురలైజ్ అయ్యో (అంటే తర్వాత అప్లై చేసి పౌరసత్వం తీసుకునో) సిటిజన్ అయి ఉంటే ఆ బిడ్డ పుట్టుకతోనే బ్రిటిష్ అయ్యే అవకాశం చాలా ఎక్కువ, అప్పుడు కావాల్సింది బ్రిటిష్ పాస్‌పోర్ట్, వీసా కాదు.

స్టెప్ 2: మీ ఆయన పిల్లల పేపర్లు

ఇది తేలికైన భాగమే. ముందు బర్త్ సర్టిఫికెట్. యూకేలో రెండు రకాలిస్తారు, చిన్నదాంట్లో తల్లిదండ్రుల పేర్లు ఉండవు, మనకి కావాల్సింది పెద్దది, ఫుల్ సర్టిఫికెట్ అంటారు. పాత భార్యని అడగడం ఇబ్బందైతే అడగక్కర్లేదు, ఇంగ్లండ్ వేల్స్‌లో పుట్టిన బిడ్డైతే జనరల్ రిజిస్టర్ ఆఫీస్ వెబ్‌సైట్‌లో 12 పౌండ్ల పైచిలుకు కట్టి ఆర్డర్ పెడితే పోస్ట్‌లో వస్తుంది. మా ఆయన దగ్గర ఉన్నది చిన్నదే, ఆయనకి అన్నేళ్లూ ఆ తేడా తెలీదు పాపం.

తర్వాత ఆయన విడాకుల కాగితం, ఇది పెళ్లి చెల్లుతుందని చూపించడానికి ఎలాగూ కావాలి. 2022 ఏప్రిల్ 6 నుంచి అప్లై చేసిన విడాకులైతే దాన్ని ఫైనల్ ఆర్డర్ అంటారు, అంతకుముందుదైతే డిక్రీ అబ్సల్యూట్. డిక్రీ నైసై అని ఇంకొకటి ఉంటుంది, అది మధ్యలో ఇచ్చేది, దాంతో విడాకులు పూర్తైనట్టు కాదు, చాలామంది పొరపాటున అదే పెడతారు. పిల్లలు ఎవరి దగ్గర ఉండాలి ఎప్పుడు కలవాలి అని కోర్టు ఆర్డర్ ఉంటే అది కూడా పెట్టండి, దాన్ని చైల్డ్ అరేంజ్‌మెంట్స్ ఆర్డర్ అంటారు. ఆర్డర్ లేకపోతే భయపడక్కర్లేదు, అక్కడ చాలామంది కోర్టుదాకా వెళ్లకుండా వాళ్లలో వాళ్లే మాట్లాడుకుంటారు, ఆ సంగతే మీ ఆయన తన లెటర్‌లో రాస్తే సరిపోతుంది: పాప ఫలానా చోట వాళ్లమ్మతో ఉంటుంది, ఫలానా రోజుల్లో నా దగ్గరికి వస్తుంది, నెలకి ఇంత పంపుతాను, స్టేట్‌మెంట్‌లో ఫలానా పేరుతో వెళ్లేది అదే. ఆ చివరి వాక్యం తప్పకుండా ఉండాలి, నెలనెలా ఒక ఆడమనిషి పేరుకి డబ్బులెందుకు వెళ్తున్నాయో ఆఫీసర్ ఊహించుకునే పని పెట్టకూడదు.

పిల్లలు ఆయన దగ్గరే ఉంటుంటే చైల్డ్ బెనిఫిట్, అంటే పిల్లల కోసం అక్కడి ప్రభుత్వం ఇచ్చే డబ్బు, ఆయన అకౌంట్‌లోనే పడుతూ ఉండొచ్చు. పబ్లిక్ ఫండ్స్ (ప్రభుత్వం ఇచ్చే ఇలాంటి సాయాలు) తీసుకోకూడదన్న రూల్ మీకు గానీ ఆయన తన పిల్లలకి తీసుకునేదానికి కాదు, దాన్ని చూసి కంగారుపడి స్టేట్‌మెంట్‌లో ఆ పేజీ తీసేయడం లాంటివి చేయకండి.

స్టెప్ 3: పిల్లలుంటే జీతం ఎక్కువ చూపించాలా?

అక్కర్లేదు. 2024 ఏప్రిల్ 11 నుంచి మొదటిసారి అప్లై చేసేవాళ్లకి స్పాన్సర్ జీతం ఏడాదికి 29,000 పౌండ్లు, పిల్లలు ఎంతమంది ఉన్నా అంతే. అంతకుముందు 18,600 ఉండేది, దానిమీద మొదటి బిడ్డకి 3,800, తర్వాత ఒక్కొక్కరికీ 2,400 కలపాలి, ఆ పాత లెక్కే ఇంకా జనం నోళ్లలో తిరుగుతోంది. ఆ పాత లెక్కలో కూడా బ్రిటిష్ పిల్లల్ని కలిపేవాళ్లు కాదు, వీసా కావాల్సిన పిల్లలకే. 2024 ఏప్రిల్ 11కి ముందే ఈ రూట్‌లో అప్లై చేసి వీసా తీసుకుని అదే మనిషితో ఎక్స్‌టెన్షన్‌కి వెళ్లేవాళ్లకి మాత్రం పాత లెక్కే వర్తిస్తుంది, వాళ్లు పిల్లల్ని కలుపుకోవాలి.

ఇంకో భయం, పాత భార్యకి పంపే డబ్బులు జీతంలోంచి తీసేసి లెక్కేస్తారేమో అని. తీసేయరు, 29,000 అనేది పన్నులు పోకముందు గ్రాస్ జీతం. ఆయన తన బిడ్డకి ఒంట్లో బాగోక కేరర్స్ అలవెన్స్ (అలాంటివాళ్లని చూసుకునేవాళ్లకి ప్రభుత్వం ఇచ్చే డబ్బు) తీసుకుంటుంటే మాత్రం సంగతి వేరు, అప్పుడు 29,000 రూల్ ఉండదు, ఇల్లు గడవడానికి సరిపోతుందా లేదా అని చూస్తారు.

స్టెప్ 4: ఇంట్లో గదుల లెక్క

పిల్లలున్నప్పుడు దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. 1985 హౌసింగ్ యాక్ట్ ప్రకారం ఇల్లు ఇరుకు కాకూడదు. గదులంటే బెడ్‌రూమ్‌లే కాదు హాల్ కూడా కలుస్తుంది, 50 చదరపు అడుగులకంటే చిన్న గదిని లెక్కలోకి తీసుకోరు. ఒక గదికి ఇద్దరు, రెండు గదులకి ముగ్గురు, మూడు గదులకి ఐదుగురు, నాలుగు గదులకి ఏడున్నర. ఏడాది లోపు బిడ్డ లెక్కలోకి రాదు, ఏడాది నుంచి పదేళ్ల లోపు అరమనిషి. మాకు రెండు బెడ్‌రూమ్‌లు, హాలు, అంటే మూడు గదులు. నేను, మా ఆయన, పాప, బాబు కలిపి మూడున్నర. పాప రెండు రోజులే వచ్చినా పూర్తిగా ఉన్నట్టే లెక్కేసి చూపించాం, అలా చూపిస్తే ఇక అడగడానికేం ఉండదు. ఇంకో షరతు ఏంటంటే పదేళ్లు నిండిన ఆడపిల్లా మగపిల్లాడూ ఒకే గదిలో పడుకోవాల్సిన పరిస్థితి ఉండకూడదు, మా బాబుకి ఇంకా 8 కాబట్టి అప్పటికి ఇబ్బంది లేదు, కానీ పదేళ్లు వచ్చేసరికి ఎలా సర్దుకుంటామో లెటర్‌లో ఒక లైన్ రాశాం. అద్దె ఇల్లైతే టెనెన్సీ అగ్రిమెంట్‌తోపాటు ఇన్ని గదులున్నాయి, భార్యా బిడ్డా వచ్చి ఉండటానికి నాకు అభ్యంతరం లేదు అని ఓనర్ లెటర్ తీసుకోండి.

స్టెప్ 5: మీతో వచ్చే మీ బిడ్డ

అసలు కష్టం ఇక్కడుంది కాబట్టి ఇది నిదానంగా చదవండి. బిడ్డకి అప్లై చేసే రోజుకి 18 నిండకూడదు, పెళ్లి కాకూడదు, సొంతంగా బతుకుతూ ఉండకూడదు. తర్వాత ముఖ్యమైంది, బిడ్డ తండ్రి మీ కొత్త భర్త కాదు కాబట్టి మూడు దారుల్లో ఒకటి చూపించాలి. బిడ్డ పెంపకం బాధ్యత పూర్తిగా మీ ఒక్కరిదే అని, లేదంటే బిడ్డ మామూలుగా ఉండేది మీ దగ్గరే, తండ్రి దగ్గర కాదు అని, రెండూ కుదరకపోతే బిడ్డని వదిలి రాలేని చాలా బలమైన కారణం ఉందని. మూడోది కష్టం, మొదటి రెండిటి మీదే దృష్టి పెట్టండి, కుదిరితే రెండిటికీ ప్రూఫ్ ఇవ్వండి.

బాధ్యత ఒక్కరిదే అంటే ఏంటో 2006లో టీడీ యెమెన్ అనే కేసులో యూకేలో వీసా అప్పీళ్లు వినే ట్రిబ్యునల్ వివరంగా చెప్పింది. అన్నం పెట్టడం, స్కూల్‌కి దింపడం అమ్మమ్మో పిన్నో చేసినా ఫరవాలేదు, కానీ బిడ్డ బతుకులో పెద్ద నిర్ణయాలు ఎవరు తీసుకుంటున్నారు, ఏ స్కూల్, ఏ డాక్టర్, ఎక్కడ ఉండాలి, పగ్గాలు ఎవరి చేతిలో ఉన్నాయి, అదీ చూసేది. అంటే డబ్బు పంపిన రసీదులు ఒక్కటే సరిపోవు, తండ్రి కూడా ఆ నిర్ణయాల్లో ఉంటే బాధ్యత మీ ఒక్కరిదే అనడం కుదరదు.

నాకు ఇక్కడే గుండె ఆగినంత పనైంది. బాబు స్కూల్ ఫీజు రసీదులు నాలుగేళ్లవి ఫైల్లో దాచాను, తీసి టేబుల్ మీద పరిస్తే ఒక్కదానిమీద కూడా నా పేరు లేదు. అన్నిటిమీదా మా నాన్నగారి పేరే, ఎందుకంటే నేను డ్యూటీలో ఉంటే కౌంటర్‌కి వెళ్లి కట్టేది ఆయనే. అడ్మిషన్ ఫారంలో గార్డియన్ దగ్గర కూడా తాతయ్య పేరే. చూసేవాళ్లకి ఈ పిల్లాడిని పెంచేది తాతయ్య, తల్లి కాదు అనిపిస్తుంది. అప్పుడు స్కూల్ డైరీలు బయటికి తీశాను. ప్రతి ప్రోగ్రెస్ రిపోర్ట్ కింద నా సంతకం, జ్వరం వచ్చిందని లీవ్ రాసింది నేను, పేరెంట్స్ మీటింగ్ షీట్‌లో నా పేరు. టీకాల కార్డు మీద తల్లి పేరు, ఫోన్ నంబర్ నాది. చేయి విరిగినప్పుడు హాస్పిటల్ కన్సెంట్ ఫారం మీద సంతకం నాదే. ఫీజు కోసం నా అకౌంట్ నుంచి నాన్నగారి అకౌంట్‌కి ప్రతి టర్మ్‌కి ముందు వెళ్లిన డబ్బులు స్టేట్‌మెంట్‌లో మార్కర్‌తో గీసి, పక్కన ఆ టర్మ్ రసీదు పెట్టాను. స్కూల్ హెడ్మాస్టర్ దగ్గరికెళ్లి లెటర్ హెడ్ మీద ఒక లెటర్ తీసుకున్నాను, ఈ పిల్లాడు ఫలానా సంవత్సరం నుంచి చదువుతున్నాడు, చదువు విషయాలన్నీ తల్లితోనే మాట్లాడతాం, తండ్రి ఎప్పుడూ రాలేదు, ఫీజు తాతగారు వచ్చి కడతారు అని. మా నాన్నగారు కూడా ఒక అఫిడవిట్ ఇచ్చారు, నేను కౌంటర్‌లో కట్టానంతే, డబ్బూ నిర్ణయమూ మా అమ్మాయిదే అని.

మీ దగ్గర కూడా ఇలాగే ఉంటుంది, మన ఇళ్లల్లో పెద్దవాళ్లే అన్నిటికీ తిరుగుతారు కదా. కాబట్టి ఏడాది ముందే తెలిస్తే ఇప్పట్నుంచే ఫీజు మీ ఫోన్ నుంచి, మీ అకౌంట్ నుంచి కట్టండి, స్కూల్ రికార్డులో మీ నంబర్ పెట్టించండి. బిడ్డ ఆధార్ అడ్రస్, మీ ఆధార్ అడ్రస్ ఒకటేనా చూసుకోండి, మీ దగ్గరే ఉంటున్నాడని చెప్పే రెండో దారికి అది పనికొస్తుంది.

స్టెప్ 6: బిడ్డ తండ్రి వైపు కాగితాలు

తండ్రి చనిపోయి ఉంటే డెత్ సర్టిఫికెట్. విడాకులైతే కోర్టు డిక్రీ, దాంట్లో కస్టడీ ఎవరికి అని ఉన్న పేజీకి గుర్తు పెట్టండి. పెద్దమనుషుల్లో కూర్చుని స్టాంప్ పేపర్ మీద రాసుకున్న విడిపోయే ఒప్పందంతో పని జరగదు, హిందువులైతే హిందూ వివాహ చట్టం కింద కోర్టులో తీసుకున్న డిక్రీయే కావాలి, లేకపోతే బిడ్డ సంగతి అటుంచి మీ రెండో పెళ్లే నిలబడదు. మ్యూచువల్ కన్సెంట్ విడాకుల్లో తండ్రి నెలకోసారి చూడొచ్చు అని రాసి ఉంటుంది చాలాసార్లు, అలా ఉంటే బిడ్డని దేశం దాటించే ముందు మీ లాయర్‌తో మాట్లాడండి, కోర్టు పర్మిషన్ అడగాల్సి రావచ్చు.

తండ్రి ఒప్పుకుంటే నోటరీ చేయించిన కన్సెంట్ లెటర్, ఆయన పాస్‌పోర్ట్ లేదా ఆధార్ కాపీ జత చేసి. ఆ లెటర్‌లో ఉన్నది ఉన్నట్టు మాత్రమే ఉండాలి: బిడ్డ ఫలానా తేదీ నుంచి తల్లి దగ్గరే ఉంటున్నాడు, యూకేలో తల్లితో ఉండటానికి నాకు అభ్యంతరం లేదు. కొంతమంది ప్రేమ ఒలకబోస్తూ "నా బిడ్డ మంచీ చెడూ నేనెప్పుడూ చూసుకుంటూనే ఉన్నాను" అని రాస్తారు, ఆ ఒక్క లైన్ మీ కేసుని మొత్తం వెనక్కి లాగుతుంది. తండ్రి ఎక్కడున్నాడో తెలీకపోతే ఎప్పటినుంచి తెలీదు, వెతకడానికి ఏం చేశారు, ఆ ప్రయత్నానికి కాగితం ఏముంది, అది రాయండి.

ఒక్క మాట చేతులు జోడించి చెప్తున్నాను, బిడ్డ రికార్డుల్లో కన్నతండ్రి పేరు తీసేసి కొత్త భర్త పేరు పెట్టించకండి. ఆధార్‌లో మార్పించారు, స్కూల్లో మార్పించారు, బర్త్ సర్టిఫికెట్‌లో మాత్రం అసలు పేరు ఉంది, ఇలాంటి కేసు నాకు తెలిసినవాళ్ల ఇంట్లోనే జరిగింది, ప్రేమతోనే చేశారు, కానీ ఎవరి బిడ్డో తేలక రిఫ్యూజ్ అయింది. మీ ఆయన బిడ్డని దత్తత తీసుకోవాల్సిన అవసరం కూడా లేదు. సవతి తండ్రిగానే, ఈ బిడ్డ నా ఇంట్లో ఉంటాడు, ఖర్చు నేను చూసుకుంటాను అని ఒక లెటర్ ఇస్తే చాలు.

స్టెప్ 7: పేర్లు, తేదీలు, తర్జుమాలు

మన బర్త్ సర్టిఫికెట్లలో బిడ్డ పేరు లేకుండా ఖాళీగా ఉండటం మామూలే, ముందు అది పెట్టించుకోండి, మీసేవలో గానీ మున్సిపల్ ఆఫీసులో గానీ. పుట్టిన చాలా ఏళ్లకి రిజిస్టర్ చేయించి ఉంటే దానికి తోడుగా హాస్పిటల్ డిశ్చార్జ్ సమ్మరీ, టీకాల కార్డు, మొదటి స్కూల్ అడ్మిషన్ రికార్డు పెట్టండి. ఒకదాంట్లో ఇంటిపేరు ఇనీషియల్, ఇంకోదాంట్లో పూర్తిగా, పాస్‌పోర్ట్‌లో వెనక్కి, మీ పాస్‌పోర్ట్‌లో పుట్టింటి పేరు, డిక్రీలో మొదటి అత్తింటి పేరు, ఇవన్నీ ఒకే మనిషి అని మనకి తెలుసు, అక్కడ ఆఫీసర్‌కి తెలీదు. ఒకే మనిషి అని అఫిడవిట్ చేయించి, కవర్ లెటర్‌లో ఏ కాగితంలో పేరు ఎలా ఉందో చిన్న పట్టిక వేయండి.

తెలుగులో ఉన్న ప్రతి కాగితానికీ ఇంగ్లీష్ తర్జుమా కావాలి, దానిమీద ఇది సరైన తర్జుమా అన్న మాట, తేదీ, చేసినవాళ్ల పూర్తి పేరు, సంతకం, ఫోన్ అడ్రస్ ఉండాలి. తెలుగు ఒరిజినల్ కూడా పక్కనే పెట్టాలి.

స్టెప్ 8: ఫారం, ఫీజు, అప్‌లోడ్

మీ ఫారం, బిడ్డ ఫారం ఒకే రోజు కూర్చుని నింపండి, ఆ తెల్లకాగితం ముందు పెట్టుకుని. బిడ్డ ఫారంలో కూడా తండ్రి వివరాలు అడుగుతారు, మీ ఫారంలో ఒక తేదీ బిడ్డ ఫారంలో ఇంకో తేదీ రాకూడదు. ఎక్కడైనా జవాబు పెట్టెలో పట్టకపోతే చివర్లో అదనపు సమాచారం రాసే చోటు వాడుకోండి.

మేం కట్టినప్పుడు వీసా ఫీజు ఒక్కొక్కరికి 1,938 పౌండ్లు, బిడ్డకీ అంతే, తగ్గింపు లేదు. హెల్త్ సర్‌ఛార్జ్, అంటే అక్కడి ప్రభుత్వ వైద్యం కోసం ముందే కట్టేది, పెద్దవాళ్లకి ఏడాదికి 1,035, పిల్లలకి 776, వీసా 33 నెలలదే అయినా మూడేళ్లకి కట్టాలి. అలా నాకు 5,043, బాబుకి 4,266, కలిపి 9,309 పౌండ్లు అయ్యాయి. ఫీజులు మారుతుంటాయి కాబట్టి కట్టే రోజు ప్రభుత్వ వెబ్‌సైట్‌లో చూసుకోండి. టీబీ టెస్ట్ ఇద్దరికీ ఉంటుంది, హోమ్ ఆఫీస్ (వీసాలు చూసే యూకే ప్రభుత్వ శాఖ) ఒప్పుకున్న క్లినిక్‌లోనే చేయించాలి, సర్టిఫికెట్ ఆరు నెలలే చెల్లుతుంది, మరీ ముందు చేయించుకోకండి. ఇంగ్లీష్ టెస్ట్ పిల్లలకి లేదు.

అప్‌లోడ్ చేసేటప్పుడు ఫైళ్లకి ఫోన్ పెట్టిన అంకెల పేర్లు వదిలేయకుండా బాబు బర్త్ సర్టిఫికెట్, బాబు స్కూల్ లెటర్, పాప బర్త్ సర్టిఫికెట్, ఇలా పెట్టండి. ఫోటోలు వందలు వద్దు, బిడ్డతో కొత్త నాన్న, అక్కతో తమ్ముడు ఉన్నవి ఏడెనిమిది చాలు, కింద తేదీ ఊరు రాసి. హైదరాబాద్‌లో వీసా అప్లికేషన్లు తీసుకునే వీఎఫ్ఎస్ సెంటర్‌లో బయోమెట్రిక్స్ (వేలిముద్రలు, ఫోటో) ఇచ్చే రోజు బిడ్డ పక్కన మీరుండాలి, ఐదేళ్ల లోపు పిల్లలకి వేలిముద్రలు తీసుకోరు, ఫోటోనే.

సబ్మిట్ కొట్టాక రెండు ఫారాలూ, పెట్టిన ప్రతి కాగితమూ పీడీఎఫ్ చేసి మీ దగ్గర ఒక కాపీ, మీ ఆయన దగ్గర ఒక కాపీ పెట్టుకోండి. రెండున్నరేళ్లకి ఎక్స్‌టెన్షన్ పెట్టేటప్పుడు, ఐదేళ్లకి ఐఎల్ఆర్ (అక్కడ శాశ్వతంగా ఉండటానికి అనుమతి) పెట్టేటప్పుడు ఇవే ప్రశ్నలు మళ్లీ అడుగుతారు, అప్పుడు ఏం రాశారో చూసుకుని దాని తర్వాత ఏం మారిందో మాత్రం రాయాలి. నేనైతే ఇక్కడికొచ్చిన వారానికే బాబు కొత్త స్కూల్ అడ్మిషన్ లెటర్, డాక్టర్ దగ్గర రిజిస్టర్ చేసిన కాగితం, రెండిటిమీదా నా పేరు ఉందని చూసుకుని అదే ఫైల్లో వెనక పెట్టాను.